చనిపోతే బీమా ఉంది, నడుము విరిగితే? వెన్ను దెబ్బలు, పరిహారంపై రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు

ట్రాక్టరు బోల్తా పడి రైతు చనిపోతే పేపర్లో వార్త వస్తుంది. నాయకులు పరామర్శకు వస్తారు, బీమా కాగితాలు కదులుతాయి. అదే ట్రాక్టరు కింద పడి నడుము విరిగిన మనిషి గురించి మాత్రం ‘తీవ్ర గాయాలు’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. ఆ మాట వెనుక రెండు కాళ్లూ చచ్చుబడి, మూత్రం మీద అదుపు పోయి, ముప్పై నలభై ఏళ్లు మంచం మీద బతకాల్సిన మనిషి ఉంటాడు. ఆయనను చూసుకోవడానికి కూలి మానుకున్న భార్యో, చదువు మానేసిన కొడుకో ఉంటారు.

పల్లెల్లో ఇలాంటి ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి. ఈ కుటుంబాలకు చట్టంలో, పథకాల్లో ఏముందో, ఏది లేదో, ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా మొదటి రోజు నుంచే ఏం చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

మన పథకాల లెక్క మరణం చుట్టూనే తిరుగుతోంది

తెలంగాణలో 2018 నుంచి అమలవుతున్న రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.5 లక్షలు వస్తాయి. మంచి పథకమే. కానీ అదే రైతు చెట్టు మీది నుంచి పడి కాళ్లు పోగొట్టుకుంటే ఈ బీమాలో రూపాయి రాదు.

గుద్ది వెళ్లిపోయిన వాహనం ఆచూకీ దొరకనప్పుడు కేంద్రం ఇచ్చే పరిహారం చూడండి. 2022 ఏప్రిల్ నుంచి మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్‌లో తప్పెవరిదో నిరూపించనక్కర్లేకుండా ఇచ్చే మొత్తం మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు. ఈ మూడింటిలోనూ బతికి మంచాన పడిన మనిషికి తక్కువే.

ఖర్చు మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. మనిషి పోతే ఒకరి సంపాదన పోతుంది. మనిషి మంచాన పడితే ఆయన సంపాదనతో పాటు ఆయనను చూసుకునే మరొకరి సంపాదన కూడా పోతుంది. మూత్రపు గొట్టాలు, మందులు, పుండ్లకు కట్లు, ఫిజియోథెరపీ, ఆస్పత్రికి రానుపోను బండి ఖర్చు నెలనెలా ఉంటాయి. కోర్టులు ఈ సంగతిని గుర్తించాయి, కింద వివరిస్తాం. కానీ కోర్టుదాకా వెళ్లి గెలిచేది సరైన కాగితాలు చేతిలో ఉన్నవారే. అందుకే ఈ విషయంలో రైతు కుటుంబం గుర్తుంచుకోవాల్సినవి రెండే: మొదటి గంట, మొదటి కాగితం.

ఎక్కువగా జరిగేది ఇలా

* చెట్ల మీది నుంచి పడటం. తాటి, ఈత, కొబ్బరి, చింత, మామిడి చెట్లు ఎక్కేవారికి ఈ ముప్పు ఎక్కువ. కాళ్ల మీదనో పిరుదుల మీదనో పడితే నడుము దగ్గర వెన్నుపూస నలిగి వెన్నుపాము దెబ్బతింటుంది. తల కిందుగా పడితే మెడ విరిగి కాళ్లతో పాటు చేతులూ పడిపోతాయి. గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు జారినా మనిషి కింద పడకుండా పట్టి ఉంచడం వీటి ఉద్దేశం. కిట్టు అందినవారు ఇంట్లో మూలన పడేయకుండా అలవాటయ్యేదాకా తక్కువ ఎత్తులో సాధన చేయాలి.
* ట్రాక్టరు బోల్తా. గట్టు దాటించేటప్పుడు, కాలువ కట్ట మీద, దిగబడిన చక్రాన్ని లాగేటప్పుడు ముందు భాగం పైకి లేచి వెనక్కి తిరగబడటం వల్ల ఇవి జరుగుతాయి.
* ట్రాలీలో కూలీలు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల్లో బతికినవారిలో వెన్ను దెబ్బలు తగిలేవారూ ఉంటారు.
* రోడ్డు ప్రమాదాలు. రాత్రిపూట పొలానికి బైకు మీద వెళ్లడం, వెనుక లైటు లేకుండా రోడ్డు మీద ఆపిన ట్రాలీని గుద్దుకోవడం.
* బావులు, గడ్డివాములు, కరెంటు. గట్టు లేని బావిలో పడటం, గడ్డి లోడు మీది నుంచి జారడం, కరెంటు షాకు కొట్టి విసిరేసినట్టు పడటం.

ఒక తేడా గమనించండి. మెదడులో రక్తనాళం మూసుకుపోయి ఒక పక్క చేయి, కాలు పడిపోయే పక్షవాతం జబ్బు. పైన చెప్పినవి గాయం వల్ల వచ్చేవి. ఇంట్లో రెండింటినీ ‘పక్షవాతం’ అనే అంటాం. ప్రమాద బీమా, పరిహారం వర్తించేది గాయానికే. ఆస్పత్రి చీటీలో కారణం రాయకుండా ‘పక్షవాతం’ అని మాత్రమే రాస్తే, ఇది జబ్బే కానీ ప్రమాదం కాదని బీమా కంపెనీ తోసిపుచ్చడానికి దారి దొరుకుతుంది.

మొదటి గంట: లేపి కూర్చోబెట్టకండి

చెట్టు మీది నుంచి పడగానే నలుగురూ పరుగెత్తుకొచ్చి భుజాల కింద చేతులు వేసి లేపుతారు, నీళ్లు తాగిస్తారు, ఆటోలో ముడుచుకుని పడుకోబెట్టి తీసుకెళ్తారు. అంతా ప్రేమతో చేసేదే. కానీ విరిగిన వెన్నుపూస కదిలి అప్పటిదాకా బాగున్న వెన్నుపాము కొన్నిసార్లు ఈ ప్రయాణంలోనే నలిగిపోతుంది.

* మెడ నొప్పి, నడుము నొప్పి, కాళ్లలో తిమ్మిరి, కాలి వేళ్లు కదపలేకపోవడం, స్పర్శ తెలియకపోవడం ఉంటే వెన్ను దెబ్బ అనే అనుకోండి.
* 108కు ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా పడినచోటే కదలకుండా ఉంచండి. నిప్పు, నీళ్లు, కరెంటు తీగ లాంటి ముప్పు ఉంటే తప్ప జరపవద్దు.
* ఒకరు తలకు రెండు వైపులా చేతులు పెట్టి మెడ తిరగకుండా పట్టుకోవాలి.
* తప్పనిసరిగా జరపాల్సి వస్తే నలుగురైదుగురు కలిసి తల, వీపు, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉండేలా దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పి, తలుపు చెక్క లాంటి గట్టి పలక మీదకు చేర్చాలి. మంచం నులకలో వేసి మోయకూడదు.
* నోటికి ఏమీ పెట్టవద్దు. నడుము పట్టేవాళ్ల దగ్గరికి, కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి గంటలు పోగొట్టవద్దు. ఎంఆర్‌ఐ, న్యూరో సర్జన్ ఉన్న ఆస్పత్రికే చేర్చండి.

రోడ్డు మీద వాహన ప్రమాదమైతే చికిత్స ఖర్చుకు భయపడి ఆగవద్దు. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల దాకా గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో డబ్బు కట్టకుండా వైద్యం పొందవచ్చు. ఆ పైన ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డులు ఉపయోగపడతాయి.

మొదటి కాగితం: ఏం రాయించారన్నదే కీలకం

ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడు ‘ఏం జరిగింది?’ అని అడిగి డాక్టరు కేసు షీటులో రాసుకుంటారు. తర్వాత ట్రిబ్యునల్‌లో, బీమా కంపెనీలో మొదట చూసేది ఆ వాక్యాన్నే. కంగారులో ఎవరో ‘కింద పడ్డాడు’ అని చెబితే అదే నిలిచిపోతుంది. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ పని చేస్తుండగా, ఏ వాహనం వల్ల జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పి రాయించండి. ‘కేసు ఎందుకులే, ఇంట్లో జారిపడ్డాడని చెప్పండి’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ ఒక్క అబద్ధం తర్వాత లక్షల రూపాయల పరిహారాన్ని మింగేస్తుంది.

కింది కాగితాలు ఒక ఫైలులో పెట్టుకోండి:

* పోలీసు కేసు నమోదు కోసం ఆస్పత్రి రాసే ఎంఎల్‌సీ వివరాలు, ఎఫ్‌ఐఆర్ నకలు
* ప్రమాద స్థలం, వాహనం ఫొటోలు, చూసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు
* వాహనం ఆర్‌సీ, బీమా పాలసీ, డ్రైవర్ లైసెన్సు నకళ్లు
* ఎంఆర్‌ఐ, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ
* మందులు, గొట్టాలు, వీల్‌చైరు, బండి కిరాయి, ఫిజియోథెరపీ బిల్లులన్నీ. చిన్న చీటీ అని పారేయవద్దు.
* పట్టాదారు పాసుపుస్తకం, పంట అమ్మిన రసీదులు, పాల కేంద్రం చెల్లింపుల పుస్తకం, కౌలు ఒప్పందం. ఆదాయం చూపడానికి ఇవే ఆధారం.

వాహన ప్రమాదమైతే ఎక్కడ, ఎప్పటిలోగా

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు పడాలి. ఈ గడువును సవాలు చేసిన కేసు సుప్రీంకోర్టులో ఉంది. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో దరఖాస్తులను కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అయినా ఆ ఊరట మీద ఆధారపడి కూర్చోవద్దు. వెన్ను దెబ్బ తగిలిన ఇంట్లో ఆరు నెలలు ఆస్పత్రుల చుట్టూనే గడిచిపోతాయి. చికిత్స ముగియకపోయినా దరఖాస్తు వేసి, మిగతా బిల్లులు తర్వాత జతచేయవచ్చు.

164వ సెక్షన్ కింద రూ.2.5 లక్షలు త్వరగా వస్తాయని ఎవరైనా చెబితే సంతకం పెట్టేముందు ఆగండి. ఆ పరిహారం తీసుకుంటే 166 కింద పూర్తి నష్టం అడిగే దారి మూసుకుపోతుంది. కాళ్లు పోయిన మనిషికి ఆ రెండింటి మధ్య తేడా ఎంతో ఒక లెక్కతో చూద్దాం.

ఒక లెక్క: 70 శాతమా, 100 శాతమా?

ఉదాహరణకు 38 ఏళ్ల రైతు. నెలకు ఆదాయం రూ.12,000 అని కోర్టు ఒప్పుకుంది. 40 ఏళ్లలోపు సొంత పనివారికి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అంటే రూ.16,800. ఏడాదికి రూ.2,01,600. ఆ వయసుకు గుణకం 15. మొత్తం రూ.30,24,000.

ఇప్పుడు సర్టిఫికెట్టులో వైకల్యం 70 శాతం అని ఉందనుకోండి. బీమా కంపెనీ లాయరు ఆ 70 శాతానికే కట్టమంటే రూ.21,16,800 వస్తుంది. రూ.9 లక్షలకు పైగా పోయినట్టే. కానీ శరీరంలో వైకల్యం ఎంత అన్నది వేరు, ఆ వైకల్యంతో సంపాదన ఎంత పోయింది అన్నది వేరు అని సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ - అజయ్‌కుమార్ కేసులో 2010లోనే చెప్పింది. కుర్చీలో కూర్చుని పనిచేసే ఉద్యోగికి కాళ్లు పోతే ఒక లెక్క, నాగలి పట్టే రైతుకు, చెట్టెక్కే గీత కార్మికుడికి పోతే ఇంకో లెక్క. మీ పని ఏమిటో, కాళ్లు లేకుండా ఆ పని ఎందుకు కుదరదో మీ లాయరు చేత, డాక్టరు సాక్ష్యం చేత స్పష్టంగా చెప్పించండి.

చూసుకునే మనిషి ఖర్చును కూడా విడిగా అడగాలి. 2020 ఫిబ్రవరిలో కాజల్ - జగదీశ్‌చంద్ కేసులో, ప్రమాదంలో పూర్తిగా మంచాన పడిన చిన్నారికి సహాయకుల ఖర్చును కూడా గుణకంతో లెక్కగట్టి సుప్రీంకోర్టు పరిహారం పెంచింది. పై రైతుకు నెలకు రూ.8,000 సహాయకుడి ఖర్చు అనుకుంటే అదే రూ.14,40,000 అవుతుంది. ‘మా ఆవిడే చూసుకుంటోంది కదా, ఖర్చేముంది’ అనుకుని ఈ పద్దు వదిలేయవద్దు. ఆమె మానుకున్న కూలీ కూడా నష్టమే.

ట్రాక్టరు యజమానులకు ఒక హెచ్చరిక

బాధితుడిగానే కాదు, పరిహారం కట్టాల్సినవాడిగానూ రైతు నిలబడే సందర్భాలు ఉంటాయి. ట్రాక్టరు మనుషులను ఎక్కించే బండి కాదు. మామూలు పాలసీలో ట్రాలీలో కూర్చున్న కూలీలకు రక్షణ ఉండదు. ట్రాలీకి విడిగా బీమా లేకపోయినా, వ్యవసాయానికని తీసుకున్న పాలసీతో ఇసుక, ఇటుక కిరాయికి తోలినా, డ్రైవర్‌కు లైసెన్సు లేకపోయినా కంపెనీ చేతులెత్తేస్తుంది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి. ఎలా చూసినా చివరికి ఆ భారం పడేది మీ పొలం మీదే. పాలసీ కాగితం ఇవాళే తీసి ట్రాలీ పేరు, కూలీలకు అదనపు రక్షణ ఉన్నాయో లేదో చూసుకోండి.

సొంత బండి తానే నడుపుతూ, ఎదుటి వాహనం లేకుండా బోల్తా పడిన రైతుకు థర్డ్ పార్టీ బీమాలో ఏమీ రాదు. అలాంటప్పుడు బండి పాలసీలో ఆదుకునేది యజమాని-డ్రైవర్ ప్రమాద బీమా. రూ.15 లక్షల ఈ రక్షణలో రెండు కాళ్లు పూర్తిగా పోయినా మొత్తం సొమ్ము వస్తుంది. లైసెన్సు మాత్రం చెల్లుబాటులో ఉండాలి. ‘ఆ కొంచెం ప్రీమియం తీసేయండి’ అని ఏజెంటుకు చెప్పేముందు ఆలోచించండి.

కూలి పనిలో దెబ్బ తగిలితే

ట్రాక్టరుతో చేసే సేద్యం, యంత్రాలతో కోత, నూర్పిడి, పురుగుమందుల పిచికారీ, తాటిచెట్లు గీయడం, చెట్లు నరకడం లాంటి పనుల్లో కూలికి పెట్టుకున్న మనిషికి దెబ్బ తగిలితే పని ఇచ్చినవారు పరిహారం కట్టాలని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపేశారు. పూర్తి శాశ్వత వైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. యజమాని తప్పు ఉందని నిరూపించనక్కర్లేదు, పనిలో ఉండగా జరిగిందని చూపితే చాలు. ప్రమాదం సంగతి వెంటనే రాతపూర్వకంగా యజమానికి తెలియజేసి, కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి.

కరెంటు తీగలు తెగి పడో, కిందికి వేలాడో షాకు కొడితే విద్యుత్ సంస్థను అడగవచ్చు. ప్రమాదకరమైన విద్యుత్తును సరఫరా చేసే సంస్థకు, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా బాధ్యత ఉంటుందని 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తీగ సరిచేయకముందే ఫొటో తీయండి. ముందే ఫిర్యాదు చేసి ఉంటే ఆ నంబరు దాచుకోండి.

ఎవరి తప్పూ లేకపోతే?

మీ సొంత చింతచెట్టు ఎక్కి మీరే పడితే దావా వేయడానికి ఎవరూ ఉండరు. ఆదుకునేది ముందుగా తీసుకున్న బీమాయే.

* ప్రధానమంత్రి సురక్షా బీమా: ఏడాదికి రూ.20. వయసు 18 నుంచి 70. ప్రమాదంలో రెండు కాళ్లు లేదా రెండు చేతులు పూర్తిగా పనికిరాకుండా పోతే రూ.2 లక్షలు, ఒక కాలు లేదా ఒక చేయి పోతే రూ.లక్ష. ఏటా మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేక చాలామందికి ఇది ఆగిపోతుంది. పాస్‌బుక్కులో ఆ రూ.20 కోత పడిందో లేదో చూసుకోండి.
* కిసాన్ క్రెడిట్ కార్డు, రూపే కార్డు: వీటికి అనుబంధంగా కూడా ప్రమాద బీమా ఉంటుంది. రూపే కార్డును ఈమధ్య వాడి ఉండాలన్న షరతు ఉంటుంది. మీ బ్యాంకు మేనేజరును అడిగి వివరాలు రాసుకోండి.

పింఛను, సర్టిఫికెట్టు

పరిహారం వచ్చినా రాకపోయినా సదరం శిబిరంలో వైకల్య సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు తీసుకోవాలి. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు రూ.6,000, పక్షవాతంతోనో ప్రమాదం వల్లనో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి రూ.15,000 ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను రూ.4,016. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఈ పింఛన్లపై మళ్లీ వైద్య తనిఖీలు జరిగాయి. నోటీసు వస్తే ఊరుకోవద్దు. పాత ఎంఆర్‌ఐ, డిశ్చార్జి కాగితాలతో వెళ్లి అప్పీలు చేసుకోవాలి. మొదటి రోజు నుంచి దాచిన ఫైలు ఇక్కడా పనికొస్తుంది.

లాయరు ఫీజుకు వెనకాడవద్దు

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు, జిల్లా కోర్టు ఆవరణలోని కార్యాలయానికి నేరుగా వెళ్లవచ్చు. వచ్చిన పరిహారంలో సగం ఇస్తామని దళారులకు ఖాళీ కాగితాల మీద సంతకాలు చేయవద్దు. కోర్టు మంజూరు చేసిన సొమ్మును ఒకేసారి తీసి అప్పులకు కట్టేయకుండా, నెలనెలా వడ్డీ వచ్చేలా డిపాజిట్ చేయమని ట్రిబ్యునల్‌నే కోరండి. ఆ డబ్బు ముప్పై ఏళ్లు రావాలి.

ఈ వారంలోనే చేయాల్సిన పనులు

1. పాస్‌బుక్కులో రూ.20 సురక్షా బీమా కోత ఉందో చూడండి. లేకపోతే బ్యాంకులో ఫారం ఇవ్వండి.
2. ట్రాక్టరు, ట్రాలీ, బైకు పాలసీలు తీసి యజమాని-డ్రైవర్ బీమా ఉందో చూడండి.
3. ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు అతికించండి. కూలీలను ట్రాలీలో ఎక్కించవద్దు.
4. వెన్ను దెబ్బ తగిలిన మనిషిని ఎలా పట్టుకోవాలో ఇంట్లోవాళ్లకు, కూలీలకు ఒకసారి చేసి చూపించండి.

బీమాలు, చట్టాలు పోయిన కాళ్లను తెచ్చివ్వలేవు. కానీ మంచం మీద ఉన్న మనిషికి మందులు, పిల్లలకు చదువు ఆగకుండా చూడగలవు. మీ ఊళ్లో ఇప్పటికే ఇలా మంచాన పడినవారు ఉంటే ఈ వివరాలు వాళ్ల ఇంటికి చేర్చండి. వారి ఆరు నెలల గడువు ఇంకా మిగిలి ఉండవచ్చు.